బడికి తాళం పడ్డ నెలల్లో

మిరపకల్లంలో పిల్లల్ని గుర్తుపట్టడానికి దగ్గరికి వెళ్లక్కర్లేదు. చెమట తుడుచుకునే తీరు చూస్తే చాలు. పెద్దవాళ్లు కొంగుతోనో తువ్వాలుతోనో తుడుచుకుంటారు. పిల్లలు తల పక్కకు వంచి చెంపను భుజానికి రుద్దుకుంటారు. చెయ్యి మాత్రం కంటి దగ్గరికి రానివ్వరు. తొడిమలు తీసిన చెయ్యి కంటికి తగిలితే ఏమవుతుందో మొదటి రోజే తెలిసిపోతుంది. రెండో రోజు నుంచి ఎవరూ చెప్పక్కర్లేదు.

మాచర్ల చుట్టుపక్కల దుర్గి, వెల్దుర్తి, రెంటచింతల, కారంపూడి ఊళ్లలో మిరప పనులు జనవరిలో ఊపందుకుంటాయి. కోతలు, కల్లంలో ఆరబెట్టడం, తాలు ఏరడం, టిక్కీలకెత్తడం, అన్నీ అయ్యేసరికి ఎండాకాలం నడినెత్తిన ఉంటుంది. కృష్ణ అవతలి తండాల నుంచి, కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి ముఠాలు దిగుతాయి. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని వచ్చిన కుటుంబాలు చేల పక్కనే పట్టాలు కట్టుకుని కాపురం పెడతాయి. వాళ్ల వెంట వచ్చిన పిల్లల బడి ఎక్కడో సొంతూళ్లో ఉండిపోతుంది. మన ఊళ్ల పిల్లల సంగతి కాస్త వేరు. ఏప్రిల్ మూడో వారం దాకా బడిలోనే కనిపిస్తారు. ఆఖరి పనిదినాన మార్కుల కార్డు చేతికొస్తుంది. మర్నాడు తెల్లారకముందే అమ్మ పక్కన ఆటోలో ఇరుక్కుని కూర్చుంటారు.

జూన్ 12న బళ్లు తెరుస్తారు. ఎక్కువ మంది తిరిగి వస్తారు. కొందరు రారు. ఎందుకు రాలేదని ఆ వారంలో ఎవరైనా ఇంటికి వెళ్లి అడిగితే వచ్చేవాళ్లే వాళ్లలో చాలామంది. అడిగేవాళ్లు లేక ఆగిపోయారు.

పేదింటి పిల్ల బడికి దూరమయ్యేది ఎక్కువగా ఈ వేసవిలోనే. ఆ వేసవినే పట్టుకుని పిల్లల్ని బడిలోకి తెచ్చిన సంస్థ ఒకటుంది. ఆ పని మొదలైంది పల్నాట్లో కాదు, రంగారెడ్డి జిల్లాలో, 1991లో. అయినా మాచర్లలో కూర్చుని దాన్ని రాయడానికి నాకు కారణాలున్నాయి. ముందే ఒక మాట. ఇందులో వచ్చే రంగారెడ్డి సంభాషణలు నేను అల్లినవి. ఆ ఏళ్లలో ఊరూరా మళ్లీ మళ్లీ నడిచిన వాదనల్ని ఒక తండ్రికి, ఒక కొడుక్కి, ఒక వాలంటీరుకి పోగు చేశాను. అందుకే ఆ ముగ్గురికీ పేర్లు పెట్టలేదు. పేర్లున్న మనుషులు, సంస్థలు, చట్టాలు, తేదీలు ఉన్నవి ఉన్నట్టే.

*

మొదట ఒక పుస్తకం సంగతి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ స్వాతంత్ర్య పోరాట చరిత్రను సంపుటాలుగా తెచ్చినప్పుడు ఆ బరువు మోసిన సంపాదకుడు మామిడిపూడి వెంకటరంగయ్య. మూడో సంపుటం 1921 నుంచి 1931 దాకా నడిచిన ఉద్యమాలది. పల్నాటి పుల్లరి సత్యాగ్రహం ఆ కాలానిదే. అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు పన్ను కట్టమంటే కట్టం పొమ్మన్నారు మన రైతులు. దుర్గి దగ్గరి మించాలపాడులో కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుళ్లకు ప్రాణాలొదిలాడు. పల్నాడు తన వీరుల్ని పాటల్లో బతికించుకుంటే, ఆ కాలపు పోరాటాలకు కాగితం మీద చోటిచ్చిన పండితుల్లో ముందు చెప్పుకోవాల్సిన పేరు వెంకటరంగయ్యది.

నెల్లూరు జిల్లా మనిషి. చరిత్ర, రాజనీతి శాస్త్రం బోధించిన ఆచార్యుడు, పద్మభూషణ్ గ్రహీత. 1981లో ఆయన పేరిట కుటుంబసభ్యులు ఒక ట్రస్టు పెట్టారు. అదే ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్. జనం నోట్లో ఎంవీ ఫౌండేషన్ అయింది.

ఆయన మనవరాలు శాంతా సిన్హా. 1950లో నెల్లూరులో పుట్టారు. ఉస్మానియాలో ఎం.ఏ. చేసి, ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పట్టా తీసుకుని, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పడానికి చేరారు. 1980ల రెండో సగంలో విశ్వవిద్యాలయం తరఫున నడిచే శ్రామిక విద్యాపీఠం బాధ్యత ఆమెకు వచ్చింది. అక్కడి పని తరగతి గదిలో జరిగేది కాదు. ఊళ్లకు వెళ్లాలి, వెట్టిలో ఉన్న కూలీలతో కూర్చోవాలి, వాళ్లను కూడగట్టాలి. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లోనే పార్లమెంటు చట్టం చేసింది. పదేళ్లు దాటినా అప్పటి రాజధాని హైదరాబాదుకు కూతవేటు దూరంలోని ఊళ్లలో జీతగాళ్లు జీతగాళ్లుగానే ఉన్నారు. బాకీ తీరేదాకా ఆసామి ఇంట్లో చాకిరీ, ఆ బాకీ మాత్రం ఎప్పటికీ తీరదు.

పెద్దవాళ్లను విడిపించాలని ఊళ్లు తిరిగితే ఎదురైన లెక్క ఆమెను నిలబెట్టేసింది. అక్కడి వెట్టి కూలీల్లో నూటికి నలభై మంది పిల్లలు. పెద్దవాళ్ల హక్కుల గురించి ఇక్కడ సభ జరుగుతుంటే, ఆ సభకు వచ్చినవాళ్ల కొడుకు అక్కడ పశువుల వెంట ఉన్నాడు. ఈ తరాన్ని ఎంత గట్టిగా విడిపించినా కింది తరం అప్పటికే కట్టుగొయ్య దగ్గరికి చేరిపోయింది. 1991లో ఆమె కుటుంబ ట్రస్టును ఈ పనిలోకి దించారు. మూడు ఊళ్లతో మొదలుపెట్టారు.

*

రంగారెడ్డి జిల్లాలో ఒక ఊరు. రాత్రి అన్నాలవేళ. పగలు వస్తే తండ్రి దొరకడు కాబట్టి వాలంటీరు ఈ వేళకే వస్తాడు. పక్క ఊరి కుర్రాడే. వాళ్లింట్లో మొదట పది దాకా చదివినవాడు అతనే.

"మల్ల ఒచ్చినవా?"

"ఒచ్చిన కాకా."

"నిన్ననే చెప్పిన గద. పోరడు పటేల్ కాడ జీతమున్నడు. ఉగాదికి ఒప్పుకున్న. ఏడాది నిండకుంట ఎట్ల తీస్త?"

"ఎంత తీస్కున్నవ్ కాకా?"

తండ్రి బదులివ్వలేదు. లోపల పొయ్యి దగ్గర నుంచి తల్లి అందుకుంది.

"పెద్దపిల్ల పెండ్లికి తెచ్చినం బిడ్డా. పైసలైతే అయిపోయినయ్. పోరడు ఆడనే ఉన్నడు."

"కాయితం మీద ఏం రాసిండో సూసినవా?"

"సదువొస్తే గద సూసేది. ఏలుముద్ర ఏసిన. పటేలే రాసుకుండు."

కుర్రాడు కాసేపు ఆగాడు. తర్వాత అడిగిన మాట ఆ రోజుల్లో వాలంటీర్లందరూ అడిగిన మాటే.

"నీ కొడుకు కూడా అట్లనే ఏలుముద్ర ఏయాల్నా కాకా?"

"ఏసుమని నేనన్నన్నా!" తండ్రికి కోపం వచ్చింది. "బడికి తోల్కపోదునే. తోల్కపోతే పంతులేమన్నడు? గింత పెద్దోడైండు, ఒకటో తరగతిల సిన్నపోరల పక్కన ఎట్ల కూసుంటడన్నడు. పుట్టిన తారీకు తెమ్మన్నడు. యాడికెల్లి తేవాలె?"

ఎంవీ ఫౌండేషన్ చేసిన పనినంతా ఈ రెండు ప్రశ్నలకు వెతికిన జవాబుగా చూడొచ్చని నాకనిపిస్తుంది. పేదరికం పోతే తప్ప పిల్లల చాకిరీ పోదని అప్పటి పెద్దపెద్ద నివేదికలన్నీ తేల్చేశాయి. పిల్లవాడి సంపాదన లేకపోతే ఇల్లు గడవదని, తల్లిదండ్రులకు చదువు మీద మక్కువ ఉండదని చెప్పేవాళ్లు చెబుతూనే ఉన్నారు. రాత్రిపూట గుమ్మాల దగ్గర కూర్చున్న ఈ కుర్రాళ్లు వేరే సంగతి విన్నారు. తల్లిదండ్రులకు చదువు కావాలి. అడగడానికి భయం. ఒకసారి అడిగి, గుమ్మంలోంచే వెనక్కి వచ్చి, మళ్లీ అడగలేదు.

పటేల్ దగ్గరికి వాలంటీరు ఒంటరిగా వెళ్లలేదు. సర్పంచి, బడి పంతులు, యువజన సంఘం పిల్లలు, నలుగురు పెద్దమనుషులు కలిసి వెళ్లారు. చట్టం పుస్తకం చూపించి బెదిరించడం వాళ్ల మొదటి పద్ధతి కాదు. ఊళ్లో అందరూ రోజూ మొహాలు చూసుకోవాల్సినవాళ్లే.

"నా పసులనెవడు మేపుతడు?" అన్నాడు పటేల్.

"పెద్దమనిషిని పెట్టుకో పటేలా. కూలియ్యి."

"పెద్దోనికి గింతల వస్తదా?"

రాదు. పిల్లల చేత పని చేయించుకునేది అందుకే. పిల్లలు తప్పుకున్న ఊళ్లలో పెద్దల కూలి పెరిగిందని సంస్థ ఆ తర్వాత చెబుతూ వచ్చింది. పదేళ్ల పిల్లవాడు పలుపు వదిలితే ఆ పలుపు పట్టుకోవడానికి వచ్చిన పెద్దవాడు తన కూలి తాను మాట్లాడుకున్నాడు. ఇది పిల్లవాడికి చేసిన మేలుగానే ఆగిపోకుండా కూలి కుటుంబం మొత్తానికీ అందింది. పటేళ్లందరూ ఒక్కరోజులో మారలేదు. కొందరు చివరిదాకా మొండికేశారు. కానీ జీతగాణ్ని వదిలిపెట్టిన ఆసామికి ఊరి సభలో శాలువా కప్పించే పద్ధతి ఒకటి పెట్టుకున్నారు. నిన్నటిదాకా ఎదురు నిలిచినవాళ్లలో కొందరు, పని మానిన పిల్లల్ని బడికి సిద్ధం చేసే శిబిరాలకు బియ్యం పంపే దాకా వచ్చారు.

*

శిబిరం ఎందుకు, నేరుగా బడిలోనే చేర్పించొచ్చు కదా అన్న ప్రశ్నకు ఆ పంతులి మాటలోనే సమాధానం ఉంది. పదకొండేళ్లవాణ్ని ఆరేళ్ల పిల్లల మధ్య కూర్చోబెడితే వాడు మూడో రోజుకు పారిపోతాడు. వాడి వయసు పిల్లలు అయిదో తరగతిలో ఉంటారు. ఆ తరగతికి చేరాలంటే నడుమ ఒక వంతెన కావాలి. ఇంటి దగ్గర ఉంచి చదివిస్తే పటేల్ మనిషి మళ్లీ పిలుస్తాడు, పశువులు పిలుస్తాయి, చెల్లెలు ఏడుస్తుంది. కొన్నాళ్లు వేరే చోట ఉంచాలి.

వేసవి అయితే చోటుకు కొదవలేదు. బళ్లు ఖాళీ, హాస్టళ్లు ఖాళీ, చెప్పడానికి చదువుకున్న కుర్రాళ్లూ ఖాళీ. పిల్లలు పనిలోకి జారిపోయే ఆ నెలల్లోనే గదుల తాళాలు తీయించారు. తొలినాళ్ల చిన్న చిన్న శిబిరాలు పోనుపోను నెలల తరబడి నడిచే బ్రిడ్జి కోర్సు బళ్లయ్యాయి. మూడు ఊళ్లతో మొదలైన పని 1999 నాటికి 500 ఊళ్లకు చేరింది.

మన కథలో పిల్లవాడు శిబిరానికి వచ్చిన మొదటి రాత్రి నిద్రపోలేదు. పశువుల కొట్టంలో పడుకోవడం అలవాటైనవాడికి నలభై మంది పిల్లల గదిలో పడుకోవడం కొత్త. కోడి కూయకముందే లేచి కూర్చున్నాడు. పేడ తీసే వేళ అది. తీయడానికి ఏమీ లేకపోతే ఏం చేయాలో తోచక వాకిలి ఊడ్చాడు. మూడో రోజు కనిపించలేదు. ఇంటికి నడిచిపోయాడు.

వాలంటీరు సాయంత్రం ఆ ఊరు వెళ్లాడు. తిట్టలేదు.

"ఏం రా, మంచిగ లేదా ఆడ?"

"అన్నం మంచిగనే ఉంది."

"మరేంది?"

"ఎర్రావు ఈనుతది. నేను లేకుంటే ఎవ్వల్ని దగ్గరికి రానియ్యది."

వాలంటీరు ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. ఆవు ఈనిందాకా, అంటే ఇంకో రెండు రోజులు, పిల్లవాణ్ని కదిలించలేదు. తర్వాత ఇద్దరూ కలిసి నడిచి వచ్చారు. పారిపోయిన పిల్లల కోసం ఇలా వెనక్కి వెళ్లడమే వాలంటీరు పనిలో పెద్ద వంతు. పలక పట్టించే పని అంతకంటే తేలిక.

చదువు కూడా అ, ఆ లతో మొదలుపెట్టలేదు. పాటలు, కథలు, ఆటలు, ఊరి పేర్లు, సొంత పేరు. అరవై పశువుల్ని ఒక్కటి తప్పకుండా ఇంటికి తోలుకొచ్చేవాడికి లెక్క రాదని ఎవరనగలరు? వాడికి రానిదల్లా ఆ లెక్కను కాగితం మీద పెట్టడం. పెద్ద పిల్లలు త్వరగా అందుకుంటారు. ఆరేళ్లవాడు ఏడాదిలో నేర్చుకునేది పదకొండేళ్లవాడు కొద్ది నెలల్లో నేర్చేసుకోవడం ఈ శిబిరాల్లో మామూలైపోయింది. అలా వచ్చినవాళ్లు ఆ రోజుల్లో ఉన్న ఏడో తరగతి కామన్ పరీక్ష రాసి పైకి వెళ్లారు. కొందరు తిరిగి వాలంటీర్లయ్యారు.

భోజనాల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. శిబిరంలో అన్ని కులాల పిల్లలు, తండాల పిల్లలు ఒక్క బంతిలో కూర్చుని తినేవాళ్లు. చూడటానికి వచ్చిన తల్లిదండ్రుల్లో కొందరికి అది మింగుడు పడేది కాదు. పల్నాటి వాళ్లకు దీన్ని వేరుగా వివరించక్కర్లేదు. బ్రహ్మనాయుడి చాపకూడు మన కారంపూడిలో ఇప్పటికీ ఏటా జరుగుతుంది. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టిన నేల మనది. ఏడాదికి ఒకరోజు ఉత్సవంగా మనం చేసుకునేదాన్ని ఆ శిబిరాలు రోజుకు మూడు పూటలా చేశాయి.

*

జూన్ వచ్చింది. బడి గుమ్మంలో తండ్రి, కొడుకు, వాలంటీరు. ఈసారి వాళ్లతో పాటు ఊరి నుంచి ఇంకో పదిమంది.

"పుట్టిన తేదీ?" అన్నాడు హెడ్మాస్టరు.

తండ్రి వాలంటీరు వైపు చూశాడు. "పెద్ద వాన పడ్డ ఏడు" అన్నాడు చివరికి. "నాట్లప్పుడు."

హెడ్మాస్టరు కలం పైకెత్తి పిల్లవాణ్ని ఎగాదిగా చూసి జూన్ నెలలో ఒక తేదీ వేశాడు. మన తరం ముందువాళ్లలో జూన్‌లో పుట్టినవాళ్లు అంతమంది ఉండటానికి కారణం ఇలాంటి హెడ్మాస్టర్లే. వాళ్లకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. తేదీ తెస్తేగానీ చేర్చుకోనన్న హెడ్మాస్టర్ల వల్ల బడి మొహం చూడకుండా పోయినవాళ్లకు ఏ నెలా లేదు.

పంతుళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదు. బడి బయట ఉన్న పిల్లల్ని లోపలికి తేవడం తమ పనేనని నమ్మిన ప్రభుత్వ ఉపాధ్యాయులు బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడ్డారు. ఊళ్లలో తల్లిదండ్రులు, సర్పంచులు, యువకులు కలిసి బాలల హక్కుల పరిరక్షణ వేదికలు పెట్టుకున్నారు. సంస్థ తాను రాజీపడని సూత్రాలను రాసి పెట్టుకుంది. పిల్లలందరూ పూర్తికాలం పగటి బడిలోనే ఉండాలి. రాత్రి బడి, పని చేస్తూ చదువు అనే సర్దుబాట్లు కుదరవు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికుడి కిందే లెక్క. పని ఏదైనా పిల్లలకు చేటే. ఈ సూత్రాలు వినడానికి మొండిగా ఉంటాయి. ఆ మొండితనమే ఆ పనికి ప్రాణమని నేను నమ్ముతాను. ఇది ప్రమాదకరమైన పని, ఇది కాదు అని విడదీస్తూ కూర్చుంటే పశువుల కాపరి ఏ జాబితాలోకీ ఎక్కడు.

1990ల చివరి వేసవుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఈ పద్ధతిని అందుకుంది. సెలవుల్లో ఖాళీగా పడి ఉండే సాంఘిక సంక్షేమ వసతి గృహాల్లో 'మళ్లీ బడికి' శిబిరాలు నడిపింది. శాంతా సిన్హాకు 1998లో పద్మశ్రీ, 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చాయి. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలై 2013 దాకా పనిచేశారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దాని 4వ సెక్షను చదివితే ఆ తండ్రి అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఎప్పుడూ బడికి రాని పిల్లను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. రెండో ప్రశ్నకు జవాబు 14వ సెక్షనులో ఉంది. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా తిప్పి పంపకూడదు. గుమ్మాల దగ్గర రాత్రిపూట సాగిన వాదన ఢిల్లీ దాకా వెళ్లి చట్టమై తిరిగొచ్చింది.

ఆడపిల్లల విషయంలో మాత్రం దారి ఇంకా కష్టమైంది. మన కథలోని పిల్లవాడిని బడిలో చేర్చి వచ్చిన సాయంత్రం వాలంటీరు అదే అరుగు మీద కూర్చుని అడిగాడు.

"చెల్లె సంగతేంది కాకా?"

"అదేం జీతముండలే గద. ఇంట్లనే ఉన్నది."

ఇంట్లోనే ఉంది. చంకలో ఏడాది బిడ్డ. పొద్దున నీళ్లు, అంట్లు, మధ్యాహ్నం అమ్మకు చేనికి అన్నం. దానికి జీతం లేదు కాబట్టి అది పని లెక్కలోకి రాలేదు, బాకీ లేదు కాబట్టి విడిపించడానికీ ఎవరూ లేరు. ఇంకో మూడేళ్లు పోతే పెళ్లి. ఆడపిల్లలకు వేరే శిబిరాలు పెట్టారు. చంకలో బిడ్డను ఎవరు చూస్తారన్న దగ్గరే చాలా ఇళ్లలో మాట ఆగిపోయేది. తల్లిని ఒప్పించడానికి తండ్రిని ఒప్పించినదానికంటే ఎన్నో ఎక్కువ రాత్రులు పట్టేవి. ఆ తల్లికి మనసు లేక కాదు. ఆ పిల్ల చెయ్యి లేకపోతే ఆమె పనికి వెళ్లలేదు.

*

ఇప్పుడు మాచర్లకు వద్దాం.

వెట్టి జీతం మన ఊళ్లలో ఆ పాత రూపంలో కనిపించదు. మధ్యాహ్న భోజనం ఉంది, కస్తూర్బా బాలికా విద్యాలయాలున్నాయి, వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లున్నాయి. ఇవన్నీ ఊరికే రాలేదు, నిలబెట్టుకోవాల్సినవి. కానీ వేసవి అలాగే ఉంది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లల పనిని నిషేధిస్తూనే ఒక సందు వదిలారు. బడి వేళల తర్వాతా, సెలవుల్లోనూ సొంత కుటుంబానికి, కుటుంబ వృత్తికి సాయపడొచ్చన్నారు. అంటే పరాయి మిరపకల్లం ఆ సందులోకి రాదు. అయితే కల్లం దగ్గర నిలబడి ఈ పిల్ల ఎవరి పిల్ల, ఈ కాయ ఎవరి కాయ అని అడిగే మనిషి ఎవరు? అమ్మ పక్కన కూర్చుని తొడిమలు తీస్తున్న పిల్లను చూసి, అమ్మకు సాయం చేస్తోంది అనుకుని వెళ్లిపోతాం. కూలి కిలోల మీద ఇచ్చేచోట ఆ సాయం అమ్మ లెక్కలో కలిసిపోతుంది. పిల్ల పేరు ఎక్కడా ఉండదు.

కిందటి వేసవిలో ఒక కల్లం దగ్గర ఆగి ఒక పిల్లవాణ్ని అడిగాను.

"ఏ తరగతి రా?"

"ఏడు అయిపోయింది."

"ఎనిమిదికి పోతావా?"

"ఏమో. మాయమ్మ చెప్పుద్ది."

వాళ్లమ్మ పక్కనే ఉంది. "పోతాడయ్యా, ఎందుకు పోడు" అంది. కాసేపాగి, "హైస్కూలు దూరం గదా" అంది. ఇంకాసేపాగి, "ఇట్టా వచ్చి ఎవరన్నా చెప్తే పోతాడు, మామాట యాడ ఇంటాడు" అంది. అయిదో తరగతి తర్వాతా, ఏడో తరగతి తర్వాతా బడి మారాల్సిన చోట పిల్లలు జారిపోతారు. ఆ మారే సమయం వేసవి నడుమ పడుతుంది. ఆ తల్లి అడుగుతున్న "ఎవరన్నా" రంగారెడ్డిలో ఆ కుర్రాడే.

పెద్దల పనికీ పిల్లల చదువుకూ ముడి ఇక్కడా ఉంది. వేసవిలో ఉపాధి పనులకు తల్లులు తెల్లవారుజామునే బయల్దేరతారు, ఎండ ముదిరే లోపు ఇంటికి చేరాలని. రాష్ట్రంలో ఎండల మాట వస్తే రెంటచింతల పేరు ముందు వినపడే ప్రాంతం ఇది. పని జరిగే చోట నీడ, మంచినీళ్లు ఉండాలని, ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు అంతకు మించి వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళకు కూలి ఇచ్చి పెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. ఆ ఒక్క ఆయమ్మను నిజంగా పెడితే ఇంట్లో అక్క చంకలోంచి బిడ్డ దిగుతుంది. చంక ఖాళీ అయితే అక్క జూన్‌లో బడికి వెళ్తుంది. కూలీల సౌకర్యం, పిల్లల చదువు అని మనం వేర్వేరు శాఖలకు పంచిపెట్టిన ఈ రెండూ ఆ ఇంట్లో ఒకటే.

మాచర్లలో దీనికి కావాల్సిన సరంజామా అంతా ఉంది. ఏప్రిల్ చివర ఖాళీ అయ్యే సంక్షేమ వసతి గృహాలున్నాయి. డిగ్రీ పరీక్షలు రాసి ఇళ్ల దగ్గరున్న కుర్రాళ్లు, అమ్మాయిలున్నారు. ఎండాకాలం వచ్చిందంటే ఎవరూ అడగకుండానే సెంటర్లో చలివేంద్రాలు పెట్టి మజ్జిగ పోసే సంఘాలున్నాయి. వాటికి చందాలిచ్చే వ్యాపారులున్నారు, పాలిష్ బండల ఫ్యాక్టరీల వాళ్లున్నారు. బియ్యం అడిగితే కాదనే ఊరు కాదిది. వంటకు డ్వాక్రా అక్కలున్నారు. లేనిది జాబితా ఒక్కటే. ఏ వీధిలో ఏ పిల్ల అయిదు పూర్తి చేసి ఆరుకు వెళ్లాలి, ఏ పిల్ల ఫిబ్రవరి నుంచే బడికి రావడం లేదు, చేల పక్కన పట్టాల కింద ఉన్న వలస కుటుంబాల్లో బడి ఈడు పిల్లలెంతమంది, వాళ్ల సొంతూరి బడి ఏది.

ఆ జాబితాలో సగం ఉపాధ్యాయుల హాజరు పట్టీలో ఇప్పటికే ఉంది. మిగతా సగం ముఠా మేస్త్రీలకు తెలుసు, అంగన్‌వాడీ టీచర్లకు తెలుసు. వార్డుకు ఇద్దరు చొప్పున కుర్రాళ్లు సాయంత్రాలు తిరిగితే మార్చి నెలాఖరుకు తయారవుతుంది. హాస్టలు తాళాల కోసం జిల్లా సాంఘిక సంక్షేమ అధికారికి అర్జీ పెట్టుకోవాల్సింది నరసరావుపేటలో. అది ఏప్రిల్ రెండో వారం లోపే పెట్టాలి. బడి మూశాక పెడితే పిల్లలు అప్పటికే ఆటో ఎక్కేసి ఉంటారు.